దేహదానం: అందరూ నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

మా అమ్మ శరీరాన్ని మెడికల్ కాలేజీకి అప్పగించి నాలుగేళ్లయింది. అప్పట్నుంచి చుట్టాలూ, స్నేహితులూ, వాళ్ల స్నేహితులూ ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నారు. కొందరు సూటిగా అడుగుతారు, కొందరు "మా ఫ్రెండ్ ఒకాయన కనుక్కోమన్నాడండీ" అంటూ మొదలుపెడతారు. చెప్పిందే చెప్పలేక ఇలా ఒకచోట రాసి పెడుతున్నాను. నేను డాక్టర్ని కాను. పైగా నియమాలు దేశానికో రకం, కాలేజీకో రకం. కాబట్టి మీరు ఇవ్వాలనుకున్న కాలేజీలో అనాటమీ (శరీర నిర్మాణం బోధించే) డిపార్ట్‌మెంట్ వాళ్లు చెప్పిందే ఫైనల్.

అవయవదానం, దేహదానం ఒకటేనా?

కాదు. ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. గుండె, కాలేయం, కిడ్నీలు ఇంకొకరికి పెట్టాలంటే చాలావరకు దాత ఆసుపత్రిలో, వెంటిలేటర్ మీద, బ్రెయిన్ డెడ్ అయిన స్థితిలో ఉండాలి. అంటే మెదడు పూర్తిగా ఆగిపోయినా గుండె ఇంకా కొట్టుకుంటూ ఉండాలి. ఇంట్లో నిద్రలో పోయినవాళ్ల కిడ్నీలు ఎవరికీ పనికిరావు. దేహదానం అలా కాదు. ఇంట్లో పోయినా ఆసుపత్రిలో పోయినా, మొత్తం శరీరాన్ని చదువు కోసం, డాక్టర్ల శిక్షణ కోసం, పరిశోధన కోసం ఇచ్చేస్తాం. అవయవదానం ఒక మనిషి ప్రాణం నిలబెడుతుంది. దేహదానం ఎవరి ప్రాణం నిలబెట్టిందో ఎప్పటికీ తెలియదు.

రెండింటికీ రాసివ్వొచ్చా?

రాసివ్వొచ్చు, రాసివ్వండి కూడా. చివరికి రెండూ కుదరకపోవచ్చు, అంతే. పెద్ద అవయవాలు తీశాక చాలా కాలేజీలు శరీరాన్ని తీసుకోవు. శరీరం పాడవకుండా ఎక్కించే మందు రక్తనాళాల్లోంచే ఒళ్లంతా చేరాలి కదా, ఆ నాళాలు మధ్యలో తెగిపోయి ఉంటే మందు పారాల్సిన చోటికి పారదు. కళ్లు మాత్రం వేరు. కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొర, తీసుకున్నా శరీరానికి సాధారణంగా అభ్యంతరం చెప్పరు. కాకపోతే కార్నియాని మనిషి పోయిన ఆరు గంటలలోపే తీసుకోవడం మంచిది, అందుకని ఐ బ్యాంక్‌కి ముందు ఫోన్ చేయాలి. నన్నడిగితే, అవయవాలు ఇచ్చే అవకాశం ఉన్నప్పుడు వాటికే మొదటి చోటు. అక్కడ ఎవరో మంచం మీద ఎదురుచూస్తుంటారు.

అసలు ఆ శరీరంతో ఏం చేస్తారు?

మొదట ఎంబామింగ్ చేస్తారు. తొడ దగ్గరో మెడ దగ్గరో చిన్న గాటు పెట్టి, అక్కడి ధమనిలోకి గొట్టం దూర్చి, దాని గుండా మందు ఎక్కిస్తారు. అందులో ప్రధానమైనది ఫార్మాలిన్. దాంతో ఫినాల్, ఆల్కహాల్, గ్లిజరిన్ లాంటివి కలుపుతారు. ఫార్మాలిన్ మన ఒంట్లోని ప్రొటీన్లను ఒకదానితో ఒకటి గట్టిగా ముడివేసేస్తుంది, దాంతో కుళ్లడం ఆగిపోతుంది. కణజాలాన్ని భద్రపరచడానికి ఇది పనికొస్తుందని 1893లో జర్మనీలో ఫెర్డినాండ్ బ్లూమ్ అనే డాక్టర్ గుర్తించాడు. సూక్ష్మక్రిములను చంపుతుందేమో చూద్దామని దాంతో పనిచేస్తుంటే ఆయన వేలి చర్మమే గట్టిపడిపోయిందట, అలా తట్టిందట.

ఆ తర్వాత కొన్ని వారాలో నెలలో నిల్వ ఉంచి, విద్యార్థులకు ఇస్తారు. ఒక్కో టేబుల్ చుట్టూ కొందరు విద్యార్థులు. చర్మం, దాని కింద పసుపురంగు కొవ్వు, దాని కింద కండరం, కండరాల సందుల్లో నరాలు, ఇలా పొరపొరగా విడదీసుకుంటూ నెలల తరబడి చదువుతారు. మా అమ్మని ఇచ్చిన కొన్నాళ్లకు, అక్కడ కాదు, ఇంకో కాలేజీలో చదివే మా పిన్ని కూతుర్ని అడిగాను, మొదటిరోజు ఎలా ఉంటుందే అని. "కళ్లు మండుతాయి అన్నయ్యా, అందరికీ నీళ్లు కారుతుంటాయి, ఎవరు ఏడుస్తున్నారో ఎవరికి ఫార్మాలిన్ వల్లో తెలియదు" అంది. ఆమె టేబుల్ మీద ఉన్నావిడ గోళ్లకి సగం చెరిగిన రంగు ఉందట. కండరాల పేర్లన్నీ మళ్లీ మళ్లీ మర్చిపోయాను గానీ అది మర్చిపోలేదంది.

ఒక్క విద్యార్థులే కాదు. చెవి ఆపరేషన్లు చేసే డాక్టర్లు చెవి వెనక ఎముకని డ్రిల్‌తో తొలవడం ముందు ఇక్కడే నేర్చుకుంటారు. లోపల ఉండే స్టేపిస్ అనే ఎముక పొడవు 3 మిల్లీమీటర్ల పైచిలుకు, పక్కనే ముఖాన్ని కదిలించే నరం. చెయ్యి జారితే మూతి వంకర పోతుంది. అలాంటి పని మొదటిసారి బతికున్న మనిషి మీద చేయడం మీకిష్టమా? మామూలు ఫార్మాలిన్‌తో శరీరం కర్రలా బిగుసుకుపోతుంది కాబట్టి, సర్జన్ల శిక్షణకి మెత్తగా, కీళ్లు వంగేలా ఉంచే పద్ధతులు వేరే ఉన్నాయి. వాటిలో ఒకటి ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో వాల్టర్ థీల్ తయారుచేసి 1992లో ప్రచురించింది. కొన్ని చోట్ల ఎముకల్ని తర్వాత కూడా ఉంచుకుని పాఠానికి వాడతారు. కొన్ని భాగాలను ప్లాస్టినేషన్ చేస్తారు, అంటే ఒంట్లోని నీటినీ కొవ్వునీ తీసేసి ఆ చోట్లో ప్లాస్టిక్ లాంటి పాలిమర్ నింపుతారు. 1977లో గుంథర్ ఫాన్ హాగెన్స్ కనిపెట్టిన పద్ధతి అది. ఎండి, వాసన లేకుండా, చేత్తో పట్టుకుని చూసేలా ఉంటుంది. దాన్ని నలుగురికీ ఎగ్జిబిషన్లలో చూపించడం మీద పెద్ద గొడవలే జరిగాయి. కాబట్టి ఏ వాడకానికి ఒప్పుకుంటున్నారో, దేనికి ఒప్పుకోవడం లేదో ఫారంలో చదువుకుని మరీ సంతకం పెట్టండి.

ఇప్పుడు 3డి సాఫ్ట్‌వేర్లు వచ్చాయి కదా, ఇంకా శరీరాలెందుకు?

ఒక చిన్న పని చేయండి. బొటనవేలునీ చిటికెనవేలునీ కలిపి, మణికట్టుని కొంచెం లోపలికి వంచండి. మణికట్టు మధ్యలో తాడులా ఒకటి పైకి లేచిందా? అది పాల్మారిస్ లాంగస్ అనే కండరం తాలూకు స్నాయువు. లేవలేదా? కంగారు పడకండి, కొందరికి అది పుట్టుకతోనే ఉండదు, కొందరికి ఒక చేతికి ఉండి రెండో చేతికి ఉండదు. లేకపోయినా పట్టులో తేడా పెద్దగా తెలియదు. మా ఇంట్లో నాకుంది, మా అక్కకి లేదు.

సంగతేంటంటే, ఒంటి లోపల కూడా ఇలాగే. పిత్తాశయానికి వెళ్లే ధమని ఒకరికి ఒక చోట పుడితే ఇంకొకరికి ఇంకో చోట పుడుతుంది. పుస్తకంలో బొమ్మ ఒక్కటే. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న శరీరం కూడా ఎవరో ఒకరిదే. నిజానికి ఆ సాఫ్ట్‌వేర్లకు మూలం కూడా శరీరాలే. అమెరికాలోని నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ వాళ్లు విజిబుల్ హ్యూమన్ ప్రాజెక్ట్ కింద ఒక మగమనిషి శరీరాన్ని గడ్డకట్టించి 1 మిల్లీమీటరు చొప్పున పొరలు తీస్తూ ఫొటోలు తీసి 1994లో బయటపెట్టారు. ఆడమనిషిది 1995లో, మిల్లీమీటరులో మూడో వంతు చొప్పున. ఇన్నేళ్లూ ప్రపంచంలో చాలామంది ఆ బొమ్మల మీద ఆధారపడ్డారు. స్క్రీన్ మీద నరాన్ని గుర్తుపట్టడం నేర్చుకోవచ్చు, దాన్ని ఎంత గట్టిగా లాగితే తెగుతుందో మాత్రం స్క్రీన్ చెప్పదు.

ఎవరు ఇవ్వొచ్చు? వయసు దాటిపోతే?

18 నిండినవాళ్లు ఎవరైనా రాసివ్వొచ్చు. పైన హద్దు సాధారణంగా ఉండదు, తొంభై దాటినవాళ్లనీ తీసుకుంటారు. షుగర్, బీపీ, గుండెజబ్బు ఉన్నా ఫర్వాలేదు. కేన్సర్ ఒళ్లంతా పాకితే కొన్నిచోట్ల వద్దంటారు గానీ చాలామంది తీసుకుంటారు. "నా ఒళ్లంతా రోగాలే, నన్నెవరు తీసుకుంటారు" అంటుంటారు పెద్దవాళ్లు. పాత ఆపరేషన్లు, మోకాలికి వేసిన కృత్రిమ కీలు, గుండెకి వేసిన స్టెంట్ ఇవన్నీ విద్యార్థికి పాఠాలే.

ఏ పరిస్థితుల్లో తీసుకోరు?

ఇది ముందే తెలిసి ఉండాలి, లేకపోతే ఆ సమయంలో తల కొట్టుకోవాల్సి వస్తుంది. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, క్షయ లాంటి అంటువ్యాధులు ఉంటే సాధారణంగా తీసుకోరు. ప్రయాన్ అనే చెడిపోయిన ప్రొటీన్ వల్ల మెదడు దెబ్బతినే సీజేడీ లాంటి జబ్బులైతే ఇంకా ఖచ్చితంగా కాదంటారు, ఎందుకంటే వాటిని ఫార్మాలిన్ చంపదు. యాక్సిడెంట్, ఆత్మహత్య, అనుమానాస్పద మరణం అయితే పోస్ట్‌మార్టం తప్పదు, పోస్ట్‌మార్టం చేసిన శరీరం పాఠానికి పనికిరాదు. బాగా పాడైపోయినా, పెద్ద పెద్ద పుండ్లున్నా, విపరీతమైన లావు ఉన్నా, మరీ ఎముకల గూడులా చిక్కిపోయినా వద్దనొచ్చు. ఒక్కోసారి ఏ జబ్బూ లేకపోయినా తీసుకోరు, వాళ్ల దగ్గర చోటు ఉండదు, అంతే.

కాబట్టి పేరు నమోదైనంత మాత్రాన తీసుకుని తీరతారన్న హామీ లేదు. రెండో కాలేజీ నంబరు ఒకటి దగ్గర పెట్టుకోండి. రెండూ కాదంటే మామూలుగా అంత్యక్రియలు ఎలా చేయాలో కూడా ఇంట్లో అనుకుని ఉండండి.

ఎలా రాసివ్వాలి?

కష్టమేం లేదు. మెడికల్ కాలేజీ అనాటమీ డిపార్ట్‌మెంట్‌కి వెళ్లినా, ఫోన్ చేసినా, కొన్నింటికైతే ఆన్‌లైన్‌లోనూ ఫారం దొరుకుతుంది. మీ వివరాలు, సంతకం, సాక్షుల సంతకాలు. సాక్షుల్లో ఒకరైనా ఇంట్లో మనిషి ఉండేలా చూసుకోండి, నియమం అడిగినా అడగకపోయినా. వాళ్లిచ్చే కార్డు పర్సులో పెట్టుకోండి. వీలునామాలో రాస్తే చాలనుకోకండి, వీలునామా తెరిచేసరికి చాలా చోట్ల అంత్యక్రియలు అయిపోయి ఉంటాయి.

నేను రాసిచ్చినా మా వాళ్లు వద్దంటే?

వద్దంటే చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది. అమెరికాలో 1968 నాటి యూనిఫాం అనాటమికల్ గిఫ్ట్ యాక్ట్ దాత మాటకే విలువిచ్చింది. ఇంగ్లండ్‌లో 2004 నాటి హ్యూమన్ టిష్యూ యాక్ట్ ప్రకారం అయితే మనిషి బతికుండగా సాక్షి ముందు రాసి సంతకం పెడితేనే చెల్లుతుంది, పోయాక ఇంట్లోవాళ్లు ఇస్తామన్నా తీసుకోరు. కొన్ని దేశాల్లో దీనికి తలకిందులు, మీరేం రాసినా చివరికి కుటుంబం సంతకమే కావాలి. చట్టం ఏం చెప్పినా, ఏడుస్తున్న కొడుకు చేతుల్లోంచి తండ్రిని లాక్కుపోయే కాలేజీ మాత్రం ఎక్కడా ఉండదు.

మా పెదనాన్న సంగతి చెప్తాను. ఆయన అన్నీ పద్ధతిగా చేసే మనిషి. ఫారం నింపి, స్నేహితులిద్దరితో సాక్షి సంతకాలు పెట్టించి, లామినేషన్ చేయించి, బీరువా లాకర్లో ఇన్సూరెన్స్ కాగితాల కింద భద్రంగా పెట్టారు. పెద్దమ్మకి చెప్పలేదు, బాధపడుతుందని. ఆయన పోయిన నెలకి పెన్షన్ కాగితాల కోసం వెతుకుతుంటే ఆ లామినేషన్ బయటపడింది. పెద్దమ్మ దాన్ని చాలాసేపు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. "నాకు చెప్పి ఉంటే నేను కాదనేదాన్నా" అని అందరినీ అడిగింది. మా దగ్గర సమాధానం లేదు. ఆ సాక్షులిద్దరూ కూడా అంత్యక్రియలకు వచ్చినవాళ్లే, ఆ గందరగోళంలో ఇద్దరికీ గుర్తులేదు.

అందుకే చెప్తున్నాను, సంతకం పెట్టింది మీరైనా ఆరోజు ఇచ్చేది మీరు కాదు, మీ ఇంట్లోవాళ్లు. ఆ గంటకి ఇంట్లో ఎవరుంటారో వాళ్లకి తెలియాలి, పెళ్లాం పిల్లలకే కాదు, మాట గట్టిగా చెల్లే తమ్ముడో బావమరిదో ఉంటే ఆయనకి కూడా.

పోయిన వెంటనే ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

ముందు డాక్టర్ చేత మరణాన్ని ధ్రువీకరించి కాగితం తీసుకోవాలి, అది లేకపోతే ఎవరూ ముట్టుకోరు. కళ్లు ఇస్తుంటే ఐ బ్యాంక్‌కి ఫోన్, కనురెప్పలు మూసి, వాటి మీద తడిగుడ్డ వేసి, ఫ్యాన్ ఆపేయాలి. ఆ వెంటనే కాలేజీకి ఫోన్. ఎన్ని గంటల్లో చేర్చాలన్నది కాలేజీని బట్టి, వాతావరణాన్ని బట్టి మారుతుంది, ఎంత త్వరగా అయితే అంత మంచిది. ఆలస్యం అయ్యేలా ఉంటే చల్లగా ఉంచే బాక్సులో గానీ మార్చురీలో గానీ పెట్టాలి. అంత్యక్రియలకు శరీరాన్ని సిద్ధం చేసేవాళ్లు ఎవరైనా సొంతంగా ఎంబామింగ్ చేస్తామంటే కాలేజీని అడక్కుండా ఒప్పుకోవద్దు. వాళ్ల మందు మోతాదు వేరు, కాలేజీ కావాలనుకునేది వేరు.

అమ్మ ఆదివారం తెల్లవారుజామున పోయింది. ఫారం మీదున్న నంబరుకి చేస్తే రింగవుతూనే ఉంది, ఎత్తే దిక్కులేదు. అది డిపార్ట్‌మెంట్ ఆఫీసు ల్యాండ్‌లైన్, సోమవారం పదింటికి గానీ ఎవరూ రారు. నాలుగు చోట్లకి చేశాక ఆసుపత్రి క్యాజువాలిటీలో ఎవరో ఎత్తి, మార్చురీ వాళ్లని లైన్లోకి తెచ్చి, వాళ్లు డ్యూటీలో ఉన్న డాక్టర్ని పట్టుకునేసరికి మూడు గంటలు. ఆ మూడు గంటల టెన్షన్‌లో నేను ఏడవడం కూడా మర్చిపోయాను. ఫారం ఇచ్చేరోజే "సెలవు రోజు అర్ధరాత్రి అయితే ఎవరికి చేయాలి?" అని అడిగి ఆ నంబరు రాసుకోండి. ఏడాదికోసారి అది పనిచేస్తుందో లేదో కూడా చూసుకోండి.

చివరి చూపు, ప్రార్థనలు ఉండవా?

ఉంటాయి. కాలేజీ వాళ్లు చెప్పిన గడువులోపల మీరేం చేసుకోవాలన్నా చేసుకోవచ్చు. శరీరం లేకుండా కూడా తర్వాత సంస్మరణ పెట్టుకోవచ్చు. ఒక్కసారి అప్పగించాక మళ్లీ చూడ్డానికి సాధారణంగా ఒప్పుకోరు, చూడకపోవడమే మీకు మంచిది.

మతం ఒప్పుకుంటుందా?

పెద్ద మతాలన్నిటిలోనూ దీన్ని మెచ్చుకునేవాళ్లున్నారు, వద్దనేవాళ్లూ ఉన్నారు. మీరు గౌరవించే పెద్దల్ని అడగండి, నన్ను కాదు. ఒక్క మాట మాత్రం అంటాను. ఈ విషయం ఎత్తగానే అందరూ దధీచి పేరు చెబుతారు. దధీచి తన ఎముకలు ఇవ్వడానికి ప్రాణమే వదిలేశాడు. మనం ఇచ్చేది మనకిక పనికిరానిది, అంత పెద్ద పోలిక అక్కర్లేదు.

డబ్బులిస్తారా? మనమేమైనా కట్టాలా?

ఇవ్వరు. ఎవరైనా ఇస్తామంటే ఆ గుమ్మం తొక్కకండి. తీసుకెళ్లే బండి ఖర్చు కొన్నిచోట్ల కాలేజీ పెట్టుకుంటుంది, కొన్నిచోట్ల మనమే పెట్టుకోవాలి. ముందే అడగండి.

అక్కడ మర్యాదగా చూస్తారా? పేరు తెలుస్తుందా?

చాలా దేశాల్లో పేరు చెప్పరు, నంబరు మాత్రమే ఉంటుంది. కొన్నిచోట్ల దీనికి పూర్తిగా భిన్నం. తైవాన్‌లోని త్సూచీ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు దాత ఇంటికి వెళ్లి, ఆ మనిషి ఎలా బతికారో కుటుంబాన్ని అడిగి తెలుసుకున్నాకే పాఠం మొదలవుతుంది. అక్కడ వాళ్లని మౌన గురువులంటారు. థాయ్‌లాండ్‌లో ఆజాన్ యాయ్, అంటే పెద్ద గురువు అంటారు. అన్నిచోట్లా ఇంత గౌరవం ఉంటుందని నేను చెప్పలేను. కుర్రాళ్లు కుర్రాళ్లే, జోకులు వేసేవాళ్లూ ఉంటారు. అయితే ఇప్పుడు చాలా కాలేజీల్లో మొదటిరోజు ప్రమాణం చేయిస్తున్నారు, ఫొటోలు తీయనివ్వడం లేదు.

ముందు రోజుల్లో డాక్టర్లు ఎలా నేర్చుకున్నారు?

ఎత్తుకొచ్చి. నిజంగానే. ఇంగ్లండ్‌లో 1752 చట్టం ఉరితీసిన హంతకుల శరీరాలను డిసెక్షన్‌కి ఇమ్మంది, అంటే కోతని శిక్షలో భాగం చేసింది. అవి సరిపోక సమాధులు తవ్వి శవాలను అమ్మే దొంగలు తయారయ్యారు. ఎడిన్‌బరోలో బర్క్, హేర్ అనే ఇద్దరు తవ్వే శ్రమ కూడా ఎందుకనుకుని, 1828లో పదహారు మందిని చంపి రాబర్ట్ నాక్స్ అనే అనాటమీ డాక్టర్‌కి అమ్మారు. హేర్ సాక్షిగా మారి తప్పించుకున్నాడు. బర్క్‌ని 1829లో ఉరితీసి, అతన్నే డిసెక్షన్ చేశారు. అస్థిపంజరం ఇప్పటికీ అక్కడి అనాటమీ మ్యూజియంలో ఉంది. 1832లో చట్టం మారింది గానీ భారం పేదవాళ్ల మీద పడింది, ఎవరూ తీసుకెళ్లని అనాథ శవాలు ఇక డాక్టర్ల పాలయ్యాయి.

అదే 1832లో తత్వవేత్త జెరెమీ బెంథామ్ తన శరీరాన్ని కోసి చూడమని తానే రాసిచ్చి పోయాడు. అప్పట్లో అది తల తిరిగే మాట, శిక్షగా చూసేదాన్ని ఒక పెద్దమనిషి కోరి తెచ్చుకోవడం. స్నేహితుడైన డాక్టర్ చేతే ఆ పని జరిగింది. ఆయన అస్థిపంజరానికి ఆయన బట్టలే తొడిగి కూర్చోబెట్టారు, ఇప్పటికీ లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఉంది. తలని ఎండబెట్టడంలో తేడా వచ్చి చూడలేని విధంగా తయారైతే మైనపు తల పెట్టారు. మన రోజుల్లో జ్యోతిబసు శరీరం 2010లో, సీతారాం ఏచూరి శరీరం 2024లో ఇలాగే వైద్య విద్యకి వెళ్లాయి. అడక్కుండా తీసుకున్న శరీరాలతో సాగిన చదువు, అడిగి ఇచ్చిన శరీరాలతో సాగేలా ఇంకా పూర్తిగా మారలేదు. దానంగా వచ్చినవే వాడాలని అనాటమిస్టుల అంతర్జాతీయ సమాఖ్య 2012లో సిఫార్సు చేసింది.

తర్వాత అస్థికలు ఇస్తారా?

కొన్నిచోట్ల ఇస్తారు, కొన్నిచోట్ల కాలేజీయే దహనమో ఖననమో చేసేస్తుంది. ఇచ్చేచోట కూడా ఏడాది నుంచి మూడేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పట్టొచ్చు. మీకు కావాలంటే ఫారంలోనే రాయండి.

మనసు మారితే?

చెప్పేయండి. ఒక ఉత్తరం చాలు, కారణం ఎవరూ అడగరు.

ఇంట్లో ఈ మాట ఎలా ఎత్తాలి? అమ్మానాన్నలతో ఎలా మాట్లాడాలి?

పెద్దవాళ్లకి మీరు చెప్పకండి, ముందు మీ ఫారం మీరు నింపి చూపించండి. నేను చేసిందదే. "నువ్వు చచ్చాక" అని అమ్మతో మాట ఎత్తడం నావల్ల కాక, నా ఫారం టీవీ ముందు టేబుల్ మీద వదిలేశాను. రెండు రోజులు దానిపక్కనే కూర్చుని సీరియల్ చూసింది, ఏమీ అనలేదు. మూడోరోజు కళ్లజోడు తెచ్చుకుని మొత్తం చదివి, నాకూ ఒకటి తెచ్చిపెట్టు అంది. మా అక్కకి నచ్చలేదు, "ఎందుకమ్మా ఇదంతా" అని ఏడుపు మొహం పెట్టింది. అమ్మ పెన్ను మూత తీస్తూ, "మా నాన్న నన్ను డాక్టర్ చదివించనన్నాడు. ఇప్పుడైనా మెడికల్ కాలేజీలో సీటొస్తే వద్దంటావేంటే" అంది. అక్క నవ్వాపుకోలేక, ఏడుస్తూనే నవ్వుతూ, కాగితం తనవైపు లాక్కుని సాక్షి సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమంది.